మీకు తెలుసా? పాత కంప్యూటర్ తెర వెనక బొమ్మల వింతలు!

కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు కనబడేది ఏంటి? తెరంతా పరుచుకుని ఉండే బొమ్మ! దాన్నే వాల్‌పేపర్ అంటాం, బ్యాక్‌గ్రౌండ్ అంటాం. అందరూ చూస్తారు, ఎవరూ పట్టించుకోరు. ఆ బొమ్మ వెనక ఎన్ని వింతలున్నాయో లెక్క తీస్తే కళ్ళు తిరుగుతాయి! అందులో కొన్నిటికి మన మదనపల్లె, పుంగనూరు, కుప్పంతోనూ చుట్టరికం కలుస్తుంది. వరస అక్కర్లేదు, ఎక్కడ మొదలుపెట్టినా సరే. పిల్లలూ పెద్దలూ, రండి!

64 గళ్ళ మాయ

● 1984లో వచ్చిన మొదటి మెకింతోష్ కంప్యూటర్‌లో ఫొటోని వాల్‌పేపర్‌గా పెట్టుకునే వీలే లేదు! అడ్డం 8, నిలువు 8, మొత్తం 64 చుక్కల చిన్న గడిని నలుపు తెలుపుల్లో నింపుకోవాలి, అంతే. ఆ ఒక్క గడినే కంప్యూటర్ తెర నిండా పక్కపక్కన పరిచేసేది.

● 64 చుక్కలేగా, ఎన్ని రకాల డిజైన్లు వస్తాయిలే అనుకుంటున్నారా? 1,84,46,74,40,73,70,95,51,616 వస్తాయి! ఒక్కో చుక్క నలుపో తెలుపో కావచ్చు కాబట్టి రెండుని 64 సార్లు గుణిస్తే తేలే లెక్క ఇది. మాటల్లో చెప్పాలంటే సుమారు 1 లక్షా 84 వేల కోట్ల కోట్లు!

● సెకనుకో డిజైన్ మార్చుకుంటూ కూర్చుంటే అన్నీ చూడడానికి 58,000 కోట్ల ఏళ్ళకు పైనే పడుతుంది! విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్ళే అయింది. అంటే విశ్వం వయసుకి 42 రెట్లు!

● ఈ అంకెని ఎక్కడో విన్నట్టుందా? చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు అంటూ పోసుకుపోతే వచ్చే మొత్తం గింజలకీ, మెకింతోష్ డిజైన్లకీ తేడా ఒక్కటంటే ఒక్కటే! గింజల లెక్క 615తో ముగుస్తుంది, డిజైన్ల లెక్క 616తో.

● ఆ గింజల లెక్కని మనవాళ్ళు ఒక్క తెలుగు పద్యంలో బిగించేశారు! మొదటి తెలుగు గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రచారంలో ఉంది. శశి అంటే 1, వేదం అంటే 4, నగం అంటే 7 అన్నట్టు 20 అంకెలకీ 20 మాటలు కూర్చారు. తమాషా ఏంటంటే, అందులో అంకెలు ఒకట్ల స్థానం నుంచి వెనక్కి నడుస్తాయి!

● మొదటి మెకింతోష్ తెర మీద ఆఖరి వరస గళ్ళు పూర్తిగా పట్టేవి కావు! తెర నిలువు 342 చుక్కలు. 8 చొప్పున 42 గళ్ళు పేరిస్తే 336, ఇంకా మిగిలేది 6 చుక్కలే. అందుకే అడుగు వరసకి రెండు చుక్కల కోత!

● ఆ తెరని నిలబెట్టడానికే కంప్యూటర్ మెమరీలో దాదాపు ఆరో వంతు ఖర్చయిపోయేది! తెరకి 21,888 బైట్లు కావాలి. మొత్తం ఉన్నది 128 కిలోబైట్లే. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క మామూలు ఫొటో కూడా అందులో ఇమడదు.

● మెకింతోష్ బొమ్మలు గీసిన సుసాన్ కేర్ మొదట పనిచేసింది కంప్యూటర్ మీద కాదు, గళ్ళ నోటుబుక్కులో! రెండున్నర డాలర్ల గ్రాఫ్ పుస్తకం కొనుక్కుని, ఒక్కో గడిని ఒక్కో చుక్క అనుకుని నింపుకుంటూ పోయారు. కళలో డాక్టరేట్ చేసిన ఆవిడకి అప్పటికి కంప్యూటర్ బొమ్మల అనుభవమే లేదు!

ఆవు, మగ్గం, ఫ్లాపీ

● మెకింతోష్ లోపల ఒక బుల్లి ఆవు దాక్కుని ఉండేది! సగం కుక్క, సగం ఆవులా ఉండే ఆ జంతువుని సుసాన్ కేరే కైరో అనే బొమ్మల ఫాంటులో గీశారు. జడ్ అక్షరం నొక్కితే ప్రత్యక్షమయ్యేది. పేరు క్లారస్, అరుపు ‘మూఫ్’!

● మరి మన పుంగనూరు ఆవుని అసలు సైజులో వాల్‌పేపర్‌గా పెట్టాలంటే ఎన్ని తెరలు కావాలి? ఎత్తుకే ఒకదాని మీద ఒకటిగా నాలుగైదు! పాత 14 అంగుళాల మానిటర్‌లో బొమ్మ కనబడే ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మామూలు ఆవుకైతే అవి ఏ మూలకీ చాలవు!

● పుంగనూరు ఆవు పక్కన నిలబడితే కంప్యూటర్ టేబులూ అదీ ఇంచుమించు ఒకటే ఎత్తు! టేబుల్ సాధారణంగా 75 సెంటీమీటర్లు ఉంటుంది. ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో ఇదొకటి మరి. ఆకారం చిన్నదైనా పాలల్లో వెన్న మాత్రం సుమారు 8 శాతం!

● మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర అంచు మీద హంసని నేసే పద్ధతీ, తెర మీద బొమ్మని నింపే పద్ధతీ ఒకటే! ముందు గళ్ళ కాగితం మీద డిజైన్ గీస్తారు. నింపిన గడికి అట్టలో ఒక చిల్లు, ఖాళీ గడికి చిల్లు లేదు. జకార్డు మగ్గం ఆ అట్టని బట్టి పడుగు పోగుల్ని పైకి లేపుతుంది. చిల్లు ఉందా లేదా, చుక్క వెలిగిందా లేదా: లెక్క ఒక్కటే!

● జకార్డు మగ్గం కనిపెట్టిన ఫ్రెంచి ఆయన బొమ్మనే 1839లో పట్టు మీద నేశారు. దానికి పట్టిన అట్టలు ఎన్నో తెలుసా? 24,000! ఒక్కో అట్టలో వెయ్యికి పైగా చిల్లుల స్థానాలు. ఈ లెక్కని కంప్యూటర్ భాషలోకి మార్చితే, ఫైళ్ళు దాచుకునే పాతకాలపు డిస్కులు, అంటే ఫ్లాపీలు, రెండు నిండి ఇంకా కాస్త మిగులుతుంది! కంప్యూటర్‌కి తొలి ఊహ చేసిన చార్లెస్ బాబేజ్ ఆ పట్టుబొమ్మని దగ్గర పెట్టుకుని అతిథులకి చూపించేవారట.

● ఫ్లాపీ అంటే గుర్తొచ్చింది! 800 అడ్డం, 600 నిలువు ఉన్న పూర్తి రంగుల బీఎంపీ రకం బొమ్మ ఫైలు ఒకే ఒక్క ఫ్లాపీలో సరిగ్గా ఒదిగిపోతుంది. బొమ్మ 14,40,054 బైట్లు, ఫ్లాపీలో చోటు 14,57,664 బైట్లు. మిగిలేది 17,610 బైట్లు, ఒక ఉత్తరం రాసుకోవడానికి!

● విండోస్ 95 మొత్తం 13 ఫ్లాపీల్లో వచ్చేది. అంటే పైన చెప్పిన బొమ్మలు 14 దాచుకుంటే విండోస్ కన్నా మీ వాల్‌పేపర్ల ఫ్లాపీల కట్టే పెద్దది! ఇవాళ్టి 4కే తెరకి సరిపడే ఒక్క బొమ్మని కుదించకుండా దాచాలంటే ఏకంగా 18 ఫ్లాపీలు కావాలి.

విండోస్ కిటికీలోంచి

● విండోస్‌లో సొంత వాల్‌పేపర్ పెట్టుకునే వీలు 1990 మే నెలలో వచ్చిన విండోస్ 3.0 దాకా లేదు! దాంతోపాటు వచ్చిన సొంత బొమ్మలు ఏడంటే ఏడు.

● అదే విండోస్ 3.0లో సాలిటేర్ పేకముక్కలు గీసిందెవరో చెప్పుకోండి చూద్దాం! మెకింతోష్ బొమ్మలు గీసిన సుసాన్ కేరే! రెండు పోటీ కంపెనీల తెరల మీదా ఆవిడ చెయ్యి పడింది.

● విండోస్ 3.1లో డిజైన్‌ని బొమ్మగా కాకుండా ఎనిమిది అంకెలుగా రాసి పెట్టుకునేవారు! సగం బూడిదరంగు డిజైన్ అసలు రూపం ఇదీ: 170, 85, 170, 85, 170, 85, 170, 85. ఒక వరసలోని ఎనిమిది గళ్ళకి ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువ కట్టండి. గడి విడిచి గడి నింపితే 128, 32, 8, 2 కలిసి 170. వదిలేసినవి కలిస్తే 85!

● విండోస్ 95లోని ఒక డిజైన్ పేరు ‘వాఫుల్స్ రివెంజ్’, అంటే వాఫుల్ అట్టు పగ! అట్టు ఎవరి మీద పగబట్టిందో ఎవరూ చెప్పలేదు. దాని ఇరుగుపొరుగు పేర్లు కాస్త మర్యాదగానే ఉండేవి: ఇటుకలు, గుండీలు, చేప పొలుసులు.

● విండోస్ 3.1లో ‘హాట్ డాగ్ స్టాండ్’ అనే రంగుల జోడీ ఉండేది. కళ్ళు జిగేల్‌మనే ఎరుపు, పక్కనే అంతకన్నా జిగేల్‌మనే పసుపు! అప్పట్లో ఎంతమంది వాడారో కానీ, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా పాత కంప్యూటర్ల ప్రియులు తలుచుకుని నవ్వుకునేది దాన్నే.

● తెరని నల్లగా ఉంచి కరెంటు మిగిల్చే ఆలోచన కొత్త ఫోన్లతో వచ్చిందనుకుంటున్నారా? కాదు, 1992లోనే ఉంది! విండోస్ 3.1లో ‘ప్లాస్మా పవర్ సేవర్’ అనే రంగుల జోడీ అందుకే పెట్టారు. ప్లాస్మా తెరల్లో వెలిగిన చుక్కే కరెంటు తింటుంది, నల్లచుక్క తినదు.

● విండోస్ 95 తెరిస్తే కనబడే ఆ నెమలి నీలం లాంటి రంగుకి అంకెలు 0, 128, 128! ఎరుపు సున్నా, ఆకుపచ్చ సగం, నీలం సగం. 16 రంగులే చూపగల పాత మానిటర్ మీద కూడా తేడా లేకుండా వచ్చే రంగుల్లో ఇదొకటి.

● 4 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు, విండోస్ 95 నడుస్తుందని పెట్టె మీద రాసేవారు. కానీ 800, 600 సైజు రంగుల బొమ్మ ఒక్కటి పెడితే అందులో మూడో వంతు దానికే సరి! ‘కంప్యూటర్ నెమ్మదించిందా, ముందు వాల్‌పేపర్ తీసెయ్యండి’ అని మెకానిక్కులు చెప్పింది ఊరికే కాదు.

● బీఎంపీ బొమ్మ ఫైల్లో తలకిందులుగా ఉంటుంది! కింది వరస ముందు, పై వరస ఆఖర్న రాస్తారు. అంటే హార్స్‌లీ హిల్స్ ఫొటో దాచుకుంటే ముందు రోడ్డు, తర్వాత చెట్లు, చివర్న ఆకాశం!

● అంతేనా? అందులో రంగులూ వెనక్కే నడుస్తాయి! అందరూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. బీఎంపీ మాత్రం నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని రాసుకుంటుంది. పద్యంలో అంకెల్ని వెనక నుంచి చెప్పిన మనవాళ్ళకి ఇది కొత్తేం కాదులెండి!

● విండోస్ 95 మొదలయ్యేటప్పుడు కనబడే మబ్బుల బొమ్మ లోగో డాట్ సిస్ అనే ఫైల్లో మారువేషంలో ఉండేది! నిజానికి అదీ 1,29,078 బైట్ల మామూలు బీఎంపీ బొమ్మే. అదే కొలతలో ఇంకో బొమ్మ గీసి అదే పేరు పెడితే, కంప్యూటర్ ఆ బొమ్మతోనే నిద్రలేచేది.

● ‘ఇక కంప్యూటర్ ఆపేయొచ్చు’ అని చెప్పే నారింజరంగు అక్షరాలు కూడా అక్షరాలు కావు, బొమ్మే! అందుకే తెలుగు ఫాంటు లేని కంప్యూటర్‌లో సైతం పెయింట్‌లో చేత్తో గీసి, ‘వెళ్ళొస్తాం’ అని తెలుగులో చెప్పించే వీలుండేది.

● 256 రంగుల తెర అంటే మీ బొమ్మకి 256 రంగులు దొరుకుతాయనుకుంటున్నారా? 236 మాత్రమే! కిటికీ అంచులు, మెనూలు, గుండీల కోసం విండోస్ 20 రంగులు ముందే పక్కన పెట్టుకునేది.

● కోటీ 67 లక్షల రంగులు చూపే కంప్యూటర్ అని ప్రకటనల్లో గొప్పగా చెప్పేవారు. కానీ అవన్నీ ఒక్కసారి చూడడం అసాధ్యం! 640, 480 తెరలో ఉన్నవే 3,07,200 చుక్కలు. చుక్కకో రంగు వేసినా, అన్నీ చూడాలంటే 55 తెరలు పక్కపక్కన పెట్టాలి.

● విండోస్ 95లో చిన్న ఫొటోని సాగదీసి తెరంతా పట్టించడానికి వేరే సరుకు కొనాలి! మధ్యలో పెట్టడం, పక్కపక్కన పరచడం మాత్రమే ఉచితం. సాగదీసే సదుపాయం ‘ప్లస్’ అనే విడి ప్యాకెట్‌లో వచ్చింది.

రంగురంగుల పోటీ

● కంప్యూటర్‌కి టమాటా రంగు కూడా తెలుసు! యూనిక్స్ యంత్రాల్లో వాడే ఎక్స్ విండో రంగుల పట్టీలో టమాటా అనే పేరుతోనే ఒక రంగు ఉంది. అంకెలు 255, 99, 71. తెరకి ఆ ఒక్క మాట చెబితే చాలు, మదనపల్లె మార్కెట్ యార్డులా ఎర్రగా మారిపోతుంది!

● 1985లో వచ్చిన అమిగా కంప్యూటర్ తెర నీలం, తెలుపు, నలుపు, నారింజ రంగుల్లో గాఢంగా మెరిసేది. ఎందుకో ఊహించండి! ఎంత నాసిరకం టీవీకి తగిలించినా అక్షరాలు కనబడాలని కావాలనే అలా ఎంచారు. నచ్చకపోతే 4,096 రంగుల్లోంచి నాలుగు మీరే ఏరుకోవచ్చు.

● అదే ఏడాది వచ్చిన అటారి ఎస్‌టీ కంప్యూటర్ తెర తెరవగానే పచ్చటి ఆకుపచ్చ! మెకింతోష్‌ది బూడిదరంగు, అమిగాది నీలం. రంగు చూసి కంప్యూటర్ పేరు చెప్పేయొచ్చు.

● కమోడోర్ 64 కంప్యూటర్ తెర రంగు మార్చాలంటే మెనూలు లేవు, మౌస్ అక్కర్లేదు. పోక్ 53281, 0 అని కొట్టాలి! 53281 అనేది తెర రంగు కాపురముండే మెమరీ గది నంబరు. పక్కింటి 53280లో చుట్టూ ఉండే అంచు రంగు ఉంటుంది. 16 తెర రంగులు, 16 అంచు రంగులు, మొత్తం 256 జోడీలు!

● జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ రంగుల్ని బ్లాక్ అండ్ వైట్ టీవీలో కూడా గుర్తుపట్టొచ్చు! సున్నా నలుపు, ఒకటి నీలం, రెండు ఎరుపు... ఏడు తెలుపు అని అంకెలు వేసింది వెలుగు పెరిగే వరసలో. అందుకే నలుపు తెలుపు టీవీలో అవి ముదురు బూడిద నుంచి లేత బూడిదకి మెట్లుమెట్లుగా కనబడతాయి.

● స్పెక్ట్రమ్ బ్రిటన్‌లో విడుదలైన 1982లోనే మన దూరదర్శన్ రంగులద్దుకుంది! తర్వాత డెసిబెల్స్ అనే కంపెనీ ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో దాన్ని మన దేశంలోనే అమ్మింది. రంగుల కంప్యూటరూ రంగుల టీవీ ఒకే ఏటి కవలలు!

● స్పెక్ట్రమ్‌లో తెర నిండే బొమ్మ 6,912 బైట్లే. కానీ అది క్యాసెట్ టేపు నుంచి రావడానికి సుమారు 40 సెకన్లు! టేప్‌రికార్డర్ కీచుమంటుంటే, తెర అంచుల్లో రంగు చారలు పరుగెడుతుంటే, బొమ్మ గీత గీతగా దిగేది. ఒక్క వాల్‌పేపర్ కోసం పాటలో ఒక చరణమంత సేపు ఎదురుచూపు!

● మన దేశంలో చాలామంది పిల్లలు మొదట ముట్టుకున్న కంప్యూటర్ ఇంట్లోది కాదు, బడిలోది! 1984-85లో ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 బడులకి బ్రిటన్‌లో పుట్టిన బీబీసీ మైక్రో వచ్చింది. అందులో 129 అనే అంకె చెబితే అక్షరాల వెనక ఎరుపు, 132 అంటే నీలం!

● ఆ బీబీసీ మైక్రోలో అన్ని రంగుల బొమ్మల తెర కావాలంటే 32 కిలోబైట్ల మెమరీలో 20 తెరకే సమర్పించుకోవాలి! మిగిలిన పన్నెండులోనే కంప్యూటర్ సొంత అవసరాలూ, పిల్లలు రాసే ప్రోగ్రామూ సర్దుకోవాలి.

పచ్చని కొండ, పక్కా లెక్క

● విండోస్ ఎక్స్‌పీలోని ఆ పచ్చని కొండ కంప్యూటర్‌లో గీసింది కాదు, నిజమైన ఫొటో! 1996 జనవరిలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో కారు ఆపి, ఫిల్ముకెమెరాతో తీశారు. ఆయన అప్పుడు వెళ్తున్నది ప్రియురాలిని చూడడానికి! ఆవిడే తర్వాత భార్య అయ్యారు.

● ఆ కొండ మీద అంత పచ్చగడ్డి ఎందుకుందో తెలుసా? పురుగు పుణ్యం! ఫిలాక్సెరా అనే తెగులు పురుగు సోకి ద్రాక్షతోటలు పీకేయడంతో గడ్డి మొలిచింది. తర్వాత మళ్ళీ ద్రాక్ష వేశారు. ఇప్పుడు వెళ్ళి చూస్తే వాల్‌పేపర్ కనబడదు, పందిళ్ళు కనబడతాయి.

● ఆ ఫొటో విలువ విని కొరియర్ కంపెనీలే వద్దన్నాయి! అంత బీమా బాధ్యత మోయలేమనడంతో, ఓరియర్ ఫిల్ముని చేత పట్టుకుని విమానంలో వెళ్ళి మైక్రోసాఫ్ట్‌కి ఇచ్చి వచ్చారు.

● అదే ఎక్స్‌పీలోని ఎర్రటి ఆకుల ‘ఆటమ్’ ఫొటో తీసిన కెనడా ఫొటోగ్రాఫర్ పీటర్ బురియన్‌కి ముట్టింది 45 డాలర్లే! ఫొటోల ఏజెన్సీకి ముందే ఇచ్చేసిన బొమ్మ కావడంతో అంతకు మించి రాలేదు.

● పచ్చకొండ కోసం కాలిఫోర్నియా దాకా ఎందుకు? మదనపల్లెకి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో హార్స్‌లీ హిల్స్ ఉంది, 4,000 అడుగులకి పైనే! దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఓరియర్ ఇటు వచ్చి ఉంటే ఏమయ్యేదో!

● విండోస్ 3.1లో చలువరాతి వాల్‌పేపర్ ఉంది, విండోస్ 95లో చెక్కిన రాయి ఉంది, ఇసుకరాయీ ఉంది. లేనిదల్లా ‘కుప్పం గ్రీన్’! మన కుప్పం పచ్చరాయి అదే పేరుతో గ్రానైట్ బజారులో అమ్ముడవుతుంది. అతుకు కనబడని రాతి వాల్‌పేపర్ చేయాలంటే కిటుకు ఒక్కటే: బొమ్మ కుడి అంచు ఎడమ అంచుతో, పై అంచు కింది అంచుతో కలవాలి.

● కరెంటు లేని చోట ఫొటో తీసి అక్కడికక్కడే ప్రింటు ఇచ్చే ఏర్పాటు కుప్పం పల్లెల్లో ఇరవై ఏళ్ళ కిందటే ఉంది! 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన ‘ఐ-కమ్యూనిటీ’లో పొదుపు సంఘాల మహిళలకి డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి నేర్పించారు. పెళ్ళి ఫొటో పెళ్ళి పందిట్లోనే చేతికి!

● కుప్పం ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. కంప్యూటర్ లోపల కూడా తెలుగుకి అవే ఇరుగుపొరుగు! యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం ఒకదాని పక్కన ఒకటి, తలా 128 గదులతో ఉంటాయి. ఆ నాలుగు భాషలూ ఒకచోట చేరిన ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వెలిసింది కూడా కుప్పంలోనే!

● ఆగస్టు 15కి తెర మీద మూడు రంగుల జెండా పెట్టుకుంటారు కదా? ఆ జెండా ఎగరేసి పాడే జనగణమనకి ఇంగ్లీషు రూపం పుట్టింది మన మదనపల్లెలోనే! 1919 ఫిబ్రవరి 28న బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్ స్వయంగా రాసి ఇచ్చారు.

● మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్‌లో చేరిన ఏడాది 1992, విండోస్ 3.1 వచ్చిందీ అప్పుడే! ఆయన 2014 ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి అయితే, రెండు నెలలకే పచ్చకొండ ఎక్స్‌పీకి కంపెనీ వీడ్కోలు చెప్పేసింది.

● వాల్‌పేపర్ తీసేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని చెప్పుకున్నాం. కానీ విండోస్ 7లో ఉల్టా అయింది! బొమ్మ లేకుండా ఉత్త రంగు పెట్టుకున్నవాళ్ళకి, లాగిన్ అయ్యేటప్పుడు 30 సెకన్లు ఆగిపోయే లోపం వచ్చింది. రాని బొమ్మ కోసం కంప్యూటర్ ఎదురుచూస్తూ కూర్చునేదన్నమాట! తర్వాత సరిచేశారు.

ఇప్పుడు మీ వంతు!

● పై నుంచి కిందికి ఈ ఎనిమిది అంకెలు ఏ బొమ్మో చెప్పండి: 24, 60, 126, 255, 255, 126, 60, 24. గళ్ళ కాగితం మీద 8 అడ్డం, 8 నిలువు గీసి, పైన చెప్పినట్టు 128 నుంచి 1 దాకా విలువలు వేసి నింపండి. 24 అంటే 16, 8. మధ్యలో రెండు గళ్ళు. 60కి నాలుగు, 126కి ఆరు, 255కి మొత్తం ఎనిమిది. కనబడిందా? వజ్రం!

● సంక్రాంతికి వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టేవాళ్ళకి ఇది నల్లేరు మీద నడక. అమ్మనో అమ్మమ్మనో అడిగి ఒక ముగ్గుని 64 గళ్ళలోకి కుదించండి, అంకెలు రాయండి, మీ స్నేహితుడికి ఆ అంకెలు మాత్రమే ఇచ్చి బొమ్మ గీయమనండి. 1 లక్షా 84 వేల కోట్ల కోట్ల డిజైన్లు ఉన్నాయి. ఎన్ని గీసినా అయిపోతాయన్న బెంగ లేదు! ఇంకో మాట: అటక మీద పాత కంప్యూటర్ ఉంటే పాతసామాన్ల బండికి వేసే ముందు, అందులో మీరు గీసుకున్న బొమ్మలు ఏమైనా మిగిలాయేమో ఒక్కసారి చూసుకోండి.